పుట్టింట్లో లేని నొప్పి

"...పుట్టింట్ల లేని నొప్పి, ఈ గడప తొక్కంగనే ఎట్లొస్తదే అంటున్న!"

"నాకేం ఎరుక అత్తా? నేనేమన్న రమ్మని పిలిచిన్నా దాన్ని?"

"మాకు రాలేదా కడుపునొప్పులు? కొంగు బిగ్గట్ట కట్టుకొని పని జేసినం. గిట్ల దవఖానల పొంటి తిరగలే."

"తిరగకనే గదా, నడీడుకే పండ్లన్ని ఊడగొట్టుకొని కూసున్నవ్."

"సూడురా సదానందం! నీ పెండ్లాం నోరు సూడు! నొప్పి కడుపుకే గని నోటికి లేదు."

సదానందం పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. ఇనుప గరిటెలో సీసం కరుగుతోంది. తల్లి శంకరవ్వ మాటా వినబడింది, భార్య స్వరూప మాటా వినబడింది. లోపలికి పోయి ఎవరో ఒకరిని ఆపాలి. పోలేదు. తల్లి అడిగిన ప్రశ్న అతని లోపలా ఉంది. స్వరూప ముందు పైకి అనలేక తల్లి చేత అనిపిస్తున్నట్టు అప్పుడప్పుడు అతనికే అనిపించేది.

కరిగిన సీసాన్ని మట్టిలో గీసిన గాడుల్లో పోశాడు. గరిటె గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, "ఆటో వస్తది, నడువు" అన్నాడు.

వాళ్ళ ఊరు మానేరు డ్యాం ఒడ్డున, కరీంనగర్‌కు దగ్గర్లోనే ఉంటుంది. నొప్పి మొదలై నాలుగేళ్ళు దాటింది. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు లేస్తుంది. లేచినప్పుడు స్వరూప మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. మొదట గ్యాసు గోళీలు వాడారు. తర్వాత స్కానింగులు. ఎవరో దెయ్యం అంటే కొండగట్టుకు పోయి అంజన్న గుడి ముందు నిద్ర చేసి వచ్చారు. చివరికి ఒక ప్రైవేటు దవాఖానలో గర్భసంచి తీసేస్తే పోతుందన్నారు. స్వరూప వద్దంది. "పిల్ల ఉన్నదిగా, ఇగ దానితోని ఏం పని?" అన్నాడు సదానందం. తీసేశారు.

ఆపరేషన్ తర్వాత ఆసిఫాబాద్‌లో తల్లిగారింట్లో ఎండాకాలమంతా ఉంది. నొప్పి ఒక్కసారి కూడా లేవలేదు. మొహంలో రంగు వచ్చింది. ఆపరేషన్ పనిచేసిందని అందరూ అనుకున్నారు. తిరిగి వచ్చి వానాకాలం నడిమికల్లా మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచే శంకరవ్వ ఆ మాట పట్టుకుంది. సదానందం కూడా పట్టుకున్నాడు. అతను బయటికి అనలేదు, అంతే.

ఈసారి చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది. పాత కాగితాలు పక్కన పెట్టి, స్వరూప కంటి కింది రెప్ప లాగి చూసింది.

"రక్తం బాగా తక్కువుంది. ఏం పని చేస్తవమ్మా?"

"ఏం పని లేదు మేడం, ఇంట్లనే ఉంటది" అన్నాడు సదానందం. ప్రతి దవాఖానలోనూ ఆ ప్రశ్నకు అతను అదే జవాబు చెప్పాడు.

"నొప్పి ఎప్పుడన్నా తగ్గిందా?"

"తల్లిగారింటికి పోతే తగ్గుతది." చెప్తూ నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది.

"నోరు తెరువమ్మా."

పెదవి కిందికి లాగి, లైటు దగ్గరికి జరిపి చూసింది. పళ్ళ మొదట్లో, చిగుళ్ళ అంచున, పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లగీత ఉంది.

"పళ్ళకు గుడాకు, పొగాకు పొడి అసొంటిది రాస్తవా?"

"లేదు మేడం."

"మీ ఇంట్ల బ్యాటరీల పని, రంగుల పని, సీసం పని అసొంటిది ఏమన్నా ఉందా?"

సదానందానికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ చివరి మాట చెవిలో పడగానే పొద్దున గోడకు ఆనించి వచ్చిన గరిటె కళ్ళ ముందు కనబడింది.

"వలలు కడ్త" అంది స్వరూప.

"వలలకు సీసం ఎందుకు?"

"అంచుకు బరువుంటది గద మేడం. సీసం బిళ్ళ తాడు సుట్టు మడిచి, పండ్లతోని నొక్కుత."

డాక్టరమ్మ ఇద్దరి వైపూ చూసింది. "పళ్ళతోనా?"

"పట్టుకారుతోని నొక్కితే తాడు తెగుతది. పండ్లతోనైతే ఎంత బిగించాల్నో ఎరుకైతది." స్వరూప మాటలో కొంచెం గర్వం ఉంది. ఆ గర్వం ఆమెకు ఇచ్చింది సదానందమే.

వాళ్ళ వాడలో ఆడవాళ్ళంతా అట్లాగే నొక్కుతారు. శంకరవ్వ పళ్ళున్నన్ని రోజులు నొక్కింది. పెళ్ళైన కొత్తలో స్వరూపకు చేతకాలేదు, ఉమ్మేసింది. అతనే పక్కన కూర్చుని, బిళ్ళను దవడ పళ్ళ మధ్య ఎట్లా పెట్టాలో చూపించాడు. తర్వాత ఆమె అందరినీ మించిపోయింది. నాలుగైదు బిళ్ళలు బుగ్గన పెట్టుకుని, వక్కపలుకులు నమిలేదానిలా ఒక్కొక్కటీ నాలుకతో ముందుకు తెచ్చుకుంటూ నొక్కేది. చొప్పదండి అవతలి చెరువుల నుంచి కూడా సదానందం విసురువల కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళ ముందు అతను, "మా ఇంటిదాని పండ్ల ముంగట మీ పట్టుకారు ఏం పనికొస్తదే?" అనేవాడు. ఆమె వినీ విననట్టు నవ్వేది.

డాక్టరమ్మ రక్తం తీయించి హైదరాబాద్‌కు పంపింది. రిపోర్టు వచ్చేదాకా ఆ పని ముట్టవద్దంది. సీసం కరిగించే పొయ్యి మీద వంట కూడా వద్దంది. అతన్ని ఒక్క మాట అనలేదు.

ఇంటికి వచ్చాక శంకరవ్వ గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నడురా డాక్టరు?"

"రక్తం తక్కువున్నదట" అన్నాడు సదానందం. స్వరూప అతని వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. రిపోర్టు వచ్చాక చూద్దాం అనుకున్నాడు. ఒక వల అంచు సగంలో ఆగి ఉంది. వానలు పడి డ్యాంలోకి కొత్తనీళ్ళు వచ్చేలోపు ఇస్తానని మాట ఇచ్చాడు. పట్టుకారు తెచ్చుకుని తనే కూర్చున్నాడు. మూడో బిళ్ళకే తాడు తెగింది. చుట్టూ చూసి, ఒక బిళ్ళను తన పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నాలుకకు కొద్దిగా తియ్యగా తగిలింది. సీసం తియ్యగుంటదని స్వరూప ఒకసారి చెప్తే, "బెల్లమనుకున్నవా ఏంది?" అని వెక్కిరించిన సంగతి గుర్తొచ్చింది. ఉమ్మేశాడు. నీళ్ళతో పుక్కిలించాడు. ఎంత పుక్కిలించినా ఆ రుచి పోలేదు.

చిన్నప్పుడు తల్లి కూడా ఇట్లాగే కడుపుకు కొంగు బిగించి కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. బాపు పక్క నుంచి నడిచి వెళ్ళిపోయేవాడు. ఆకలై తను ఏడిస్తే ఆమె లేచి వండేది. అది కూడా ఆ పొయ్యి మీదే.

రిపోర్టులో సీసం ఉండకూడనంత ఉంది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మందులున్నాయి, తగ్గుతుంది. కానీ సీసం ఎముకల్లోకి పోతుంది కాబట్టి తొందరగా వదలదు. తల్లిగారింట్లో నొప్పి రాకపోవడానికి కారణం అక్కడ సీసం లేకపోవడమే. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ పరీక్ష చేయించాలి.

"మరి గా ఆపరేషన్ మేడం?" అంది స్వరూప.

డాక్టరమ్మ పాత కాగితాలు మళ్ళీ తిరగేసి, "ఈ నొప్పికి దానితో సంబంధం లేదమ్మా" అంది.

సదానందం నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆటోలో స్వరూప మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండు అనుకున్నాడు. ఊరి కమాను కనబడుతుండగా, "నాకేం ఎరుక స్వరూపా" అన్నాడు.

"నాకు గూడ ఎరుకలేదు" అంది ఆమె. "గని నొప్పి లేదని నేను ఎన్నడు అనలే."

ఇంటి ముందు అరుగు మీద కూతురు హర్షిణి కూర్చుని ఉంది. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉంది. సగంలో ఆగిన వల ఒళ్ళో వేసుకుని, తల వంచి అంచు పట్టుకుంది. బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది.

సదానందం ఆటో ఆగకముందే దూకాడు. "ఉమ్మెయ్! ఉమ్మెయ్ బిడ్డా!" అని దవడ పట్టుకున్నాడు. మూడు బిళ్ళలు అతని అరచేతిలో పడ్డాయి, తడిగా, వెచ్చగా.

"ఏంది బాపు? అమ్మ గిట్లనే చేస్తది గదా!"

శంకరవ్వ బయటికి వచ్చింది. "ఏమైందిరా, పిల్లను గట్ల పట్టుకున్నవ్? ఆఖరుకు ఏమన్నడు డాక్టరు?"

సదానందం పిడికిలి మూసుకున్నాడు. "రక్తం..." అని ఆగాడు. తల్లి బోసినోటి వైపు చూశాడు.

స్వరూప చెప్పులు విప్పలేదు. మందుల సంచి ఇంకా చేతిలోనే ఉంది. కూతురి ఒళ్ళోంచి వల తీసి అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"నా కడుపుల సీసం ఉన్నదట అత్తా. పండ్లతోని నొక్కి నొక్కి వచ్చింది. నీకు గూడ గదే అయ్యుంటది. పరీక్ష చేపియ్యాల్నట, నీ కొడుకు తీస్కపోతడు." తర్వాత అతని వైపు తిరిగింది. "పొద్దుగాల బస్సుకు పిల్లను తీస్కొని ఆసిఫాబాద్ పోతున్న. గా పొయ్యి కూలగొట్టి, ఇంట్లకెల్లి సీసమంత తీసేసి, ఎందుకు తీసేసినవో వాడల ఇల్లిల్లు తిరిగి చెప్పినంకనే మమ్ముల తీస్కపోను రా."