జాగ ముందడిగే మనిషి

ఆర్మూర్‌కు ఆపతి కబుర్ల కోసం వేరే టెలిఫోన్ లైను ఎట్లా వచ్చిందో ఏ పుస్తకంలోనూ లేదు. మా గ్రంథాలయంలోని బీరువాలన్నీ చదివినవాణ్ని, వెతికే చెప్తున్నాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

గ్రంథాలయానికీ తపాలా ఆఫీసుకూ నడుమ ఒకటే గోడ. ఎండాకాలం మధ్యాహ్నాలు పసుపు ధూళి కిటికీలోంచి తేలివచ్చి నా పేజీల మీద వాలేది. దాని వెంబడే టెలిఫోన్ ఆపరేటరు గొంతు, నిద్రలో విన్నట్టు: "ముందుగాల జాగ చెప్పుండ్రి, ఏ ఊరో." ఫోన్ చేసే మావాళ్లేమో దండం పెట్టి, ఫలానావారి కొడుకునని మొదలుపెట్టి, పానం మీది సంగతి చివరికి చెప్పేవాళ్లు.

నిజామాబాద్‌కు ఉన్నది ఒక్కటే లైను. పొద్దంతా దాని మీద పసుపు బేరాలే. ఆపతి కబుర్లకని రెండో లైనుకు పంచాయతీ సమితి పైసలియ్యాలని ఆ ఆపరేటరు ఏటా అర్జీ పెట్టేవాడు. సంతకాలకు పోతే షావుకార్లు నవ్వేవాళ్లు.

ఒకనాడు పసుపు షావుకారు మల్లయ్య సేటు ఆఫీసుకొచ్చి ఫోన్‌లో బేరమాడుతుంటే, భీమ్‌గల్ నుంచి పిలుపొచ్చింది. కాన్పు కష్టమైంది, నిజామాబాద్ పెద్దదవాఖాన జీపు కావాలి.

"సేటూ, జర లైను ఇడువుండ్రి. భీమ్‌గల్‌ల ఆడిబిడ్డ నొప్పులు పడుతుంది."

"ఎవరి బిడ్డ?"

"ఎవరి బిడ్డయితే ఇడుస్తరు?"

గోడకివతల నేను పేజీ తిప్పలేదు. సేటు ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. జీపు వేళకే పోయింది.

ఈ సంగతులు సరిచూసిన గ్రంథాలయం రహీం సాబ్‌కు, ఆనాటి బాలింత రాజవ్వకు, రెండో లైను తెచ్చిన ఆ ఏటి అర్జీ మీద మొదటి సంతకం చేసిన మల్లయ్య సేటుకు నా దండాలు.