రూసా కొమ్ములు, పెద్దనాన్న తేలిక తుపాకీ

ఈ ఏడాది నాకు జరిగిన అన్యాయాలను, జరిగిన వరుసలోనే, ముందుగా ఇక్కడ ఉంచుతున్నాను.

మార్చి మొదటి శనివారం: మా తెలుగు సంఘం వారు పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నామంటే, టాంపినీస్‌లోని మా ఫ్లాటు గోడ మీద నుంచి పెద్దనాన్న రూసా కొమ్ములను స్వయంగా దించి, వాటి కథ ఒక పేజీలో రాసి, రెంటినీ వారికి అప్పగించాను.

మార్చి చివరి ఆదివారం: వెళ్ళి చూస్తే కొమ్ముల కింది అట్ట మీద “భారీ ఏనుగు తుపాకీతో సరదాగా వేటాడిన జింక” అని ఉంది. నా పేజీలోని మాట ఒక్కటీ లేదు.

ఏప్రిల్ రెండో శనివారం: దిద్దమని అడిగితే సంఘం కార్యదర్శి, రాజమండ్రి నుంచి వచ్చిన మర్యాదస్తుడైన యువకుడే, నవ్వి, “అంకుల్, రెండు లైన్లకే స్పేస్ ఉందండీ. చిన్న గన్ అని రాస్తే ఎవరాగి చూస్తారు చెప్పండి?” అన్నాడు.

అదే సాయంత్రం: ఇంటికి వచ్చి మొరపెట్టుకుంటే నా మనవరాలు, “తాతా, బిగ్ గన్ సౌండ్స్ కూలర్ లా,” అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో వాళ్ళ పక్షమే చేరింది.

మే నెల: సంఘానికి రాసిన ఉత్తరానికి జవాబు లేదు.

అట్ట మీది ఆ ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలున్నాయి. తుపాకీ భారీది కాదు, వేట సరదాకు కాదు. ఎందుకు కాదో నా ఈడువారికైనా చెప్పుకుందామని కూర్చుంటే, కోపం సంగతి పక్కకు పోయి, ఒకప్పుడు ఒక ఎండాకాలమంతా మమ్మల్ని పట్టి ఊపిన కుతూహలమే మళ్ళీ ముందుకు వస్తున్నది.

నా పడుచుదనంలో మేము జలసంధి అవతల జొహోర్‌లో ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. పెద్దనాన్న అక్కడ కంగాణీ, అంటే కూలీల మీద మేస్త్రీ. నేను తోట ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను, భోజనమూ పడకా పెద్దనాన్న ఇంట్లోనే. పాత చెట్లు కొట్టేసి కొత్త మొక్కలు నాటిన ఏడాది అది. రూసాలు, అంటే మన వైపు కణితి అనే ఆ పెద్ద జింకలు, అడవిలోంచి వచ్చి లేత చెట్ల బెరడు ఒలుచుకు తినేవి. తోట దొర లైసెన్సులూ అనుమతులూ అన్నీ సరిగా తెచ్చుకుని, గురి బాగా కుదిరిన మనిషని ఆ పని పెద్దనాన్నకు అప్పగించాడు.

మొదటిసారి దొర తన బరువైన రైఫిలే ఇచ్చాడు. పెద్దనాన్నకు ఎప్పుడో కొమ్మ విరిగి మీద పడి కుడి భుజం ఎముక వంకరగా అతుక్కుంది. పేలినప్పుడు ఆ తుపాకీ భుజాన్ని తన్నే తన్నుకు భయపడి ఆయన మీట నొక్కబోయే ముందే కళ్ళు మూసుకున్నాడు. గుండు జింక పొట్టలోంచి దూసుకుపోయింది, జింక చిత్తడి నేలలోకి పారిపోయింది, సాయంత్రం దాకా నెత్తుటి చుక్కల వెంట వెతికి నీళ్ళ దగ్గర ఆ జాడ కూడా పోగొట్టుకుని తిరిగి వచ్చాము. ఆ రాత్రి పెద్దనాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పెద్దమ్మ కంచం తీస్తూ, “ప్రాణం తియ్యాలంటే ఒక్కపాలి తియ్యి. నేదంటే ఆ తుపాకీ ఒట్టుకెళ్ళి దొరకిచ్చెయ్యి,” అంది. ఇచ్చేస్తే మాత్రం ఏమవుతుంది? తోట చుట్టూ తీగ ఉచ్చులు పెట్టిస్తానని దొర అప్పటికే చెప్పి ఉన్నాడు. ఉచ్చులో కాలు ఇరుక్కున్న జంతువు ఎలా చస్తుందో పెద్దనాన్న చూసినవాడు.

అందుకని ఆయన మానలేదు. తగిన తుపాకీ కోసం వెతకడం మొదలుపెట్టాడు. దొర అద్దాల బీరువాలో ఇంకా రెండు తేలిక రైఫిళ్ళుండేవి. గొట్టం లోపలి వెడల్పును కాలిబర్ అంటారనీ, అది తగ్గితే తన్ను కూడా సాధారణంగా తగ్గుతుందనీ నేను దొర పుస్తకాలు చదివి చెబుతుంటే, పెద్దనాన్న వాకిట్లో బీడీ ముట్టించి ఒక్కొక్క మాటకూ ఎందుకు, ఎలా అని అడిగేవాడు. వాటిలో సన్నది ఉడుతలకూ పిట్టలకూ సరిపోతుంది, రూసా అంత ఒళ్ళున్న జంతువును గాయపరచి వదిలేస్తుంది. కనుక టూ ఫార్టీ త్రీ అనే రెండోదే మేలని ఎన్నో సాయంత్రాల వాదన తరువాత తేలింది. దాని తన్ను ఆ వంకర భుజం ఓర్చుకోగలిగినంతే.

తుపాకీ కుదిరాక గుండు కుదరాలి కదా. దానికి మూడు రకాల గుళ్ళున్నాయి: ముక్కు దాకా రాగి తొడుగున్న గట్టిది ఒకటి, ముక్కున మెత్తని సీసం బయటపడిన తేలికది ఒకటి, అలాంటిదే బరువుది ఇంకొకటి. ఏది ఎలా పనిచేస్తుందో చూడాలంటే దేనిలోకో కాల్చి చూడాలి. ఇల్లు కారితే రబ్బరు, చెప్పు తెగితే రబ్బరు, పిల్లలకు బంతి కావాలన్నా రబ్బరే అయిన మాకు మరో వస్తువు తోస్తుందా? పనికిరావని పక్కన పడేసిన రబ్బరు షీట్లను దిమ్మెగా పేర్చి, దొర దగ్గరుండగా, మట్టికట్ట ముందు పెట్టి మూడు రకాలూ కాల్చాడు పెద్దనాన్న. చిత్రమేమంటే మూడింటి రంధ్రాలూ ఒక్కలాగే ముడుచుకుపోయాయి; కోసి చూస్తే మూడు గుళ్ళూ ఇంచుమించు ఒకే లోతున కూర్చుని ఉన్నాయి. మూడూ సమానమేనని తేల్చి, భుజానికి సుఖమని అన్నిటికన్నా తేలికదాన్నే తీసుకున్నాడు. ఫలితం నేనే అందంగా రాసిపెట్టాను.

అన్నాలప్పుడు ఈ సంగతి చెబితే పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి నవ్వింది.

“ఏటయ్యా, మన రూసాలు రబ్బరుపాలు తాగి పెరిగాయనుకున్నావేటి?”

“తుపాకీల సంగతి నీకేటి తెల్సు?” అన్నాడు పెద్దనాన్న.

“తుపాకీ నాకు తెల్దు. మాంసం కోసీది నానే కదా. రబ్బరులాగ మూసుకుపోద్దా అది? నిండా నీళ్ళే. అరటిబోదెలాటిది.”

పెద్దనాన్న అన్నం ముగించి, కత్తి పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

మర్నాడు అరటిబోదెలను ఒకదాని వెనుక ఒకటి ఆనించి కాల్చితే, రబ్బరు దాచిన నిజమంతా బయటపడింది. గట్టి తొడుగు గుండు అన్నిటినీ సన్నగా దాటి మట్టికట్టలో చెక్కు చెదరకుండా దొరికింది. దొర బరువు రైఫిల్లోదీ ఇలాంటి తొడుగు గుండే; మొదటిసారి జింక ఎందుకు అంత దూరం పరుగెత్తిందో అప్పుడు అర్థమైంది. మేము ఎంచుకున్న తేలిక గుండు మొదటి బోదెలోనే తునాతునకలైంది, జింక భుజం ఎముకకు తగిలితే లోపలికి చేరేది కాదు. బరువు గుండు మాత్రం పుట్టగొడుగులా విచ్చుకుని, విచ్చుకుంటూనే లోతుకు పోయి, చివరి బోదెలో ఒక్క ముద్దగా కూర్చుంది. పెద్దనాన్న దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆమె కూడా చాలాసేపు చూసి, “ఇది సరే,” అంది.

తరువాత ఒక తెల్లవారుజామున, మంచు ఇంకా విడవకముందు, బరువు గుండుతో ఆ తేలిక తుపాకీ ఒక్కసారే పేలింది. రూసా కాస్త దూరం నడిచి, మోకాళ్ళ మీద కూలి, మరి కదలలేదు. పెద్దనాన్న ఈసారి కళ్ళు మూసుకోలేదని, పక్కనే ఉన్నాను కనుక, నేను సాక్ష్యం చెప్పగలను. మాంసం లయన్లలోని, అంటే కూలీల వరుసల్లోని, ఇళ్ళన్నిటికీ వెళ్ళింది. ఉచ్చుల మాట దొర మళ్ళీ ఎత్తలేదు. ఆ కొమ్ములే ఇవి.

ఇప్పుడు నా మనవరాలు ఏ ప్రశ్న అడిగినా ఆమె చేతిలోని ఫోను క్షణంలో జవాబిస్తుంది; జవాబులకు లోటు లేదు, నేను అసూయపడే మాట కూడా నిజమే. కానీ తప్పు వస్తువును కాల్చి, తప్పు ఫలితాన్ని నమ్మి, భోజనాల దగ్గర నవ్వులపాలై, మర్నాడు పొద్దున్నే అరటిబోదెలు మోసుకుని మళ్ళీ మొదలుపెట్టే ఆ తీరిక ఎక్కడ పోయిందో తెలియదు. జంతువు బాధపడకూడదని ఒక మనిషి ఎండాకాలమంతా తల బద్దలుకొట్టుకున్నాడని చెప్పడానికి ఇవాళ రెండు లైన్లలో చోటు చాలడం లేదు.

కావున, సంఘం కార్యవర్గం వారికి నా విన్నపం. అట్ట మీద “భారీ ఏనుగు తుపాకీతో”, “సరదాగా” అన్న మాటలు తీసివేసి, “భుజం దెబ్బతిన్న ఒక కంగాణీ, జంతువు బాధపడకూడదని వెతికి ఎంచుకున్న తేలిక తుపాకీతో” అని రాయగలరో లేదో, రాయలేకపోతే కారణమేమిటో, ప్రదర్శన ముగిసేలోగా నాకు లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. వాక్యం రెండు లైన్లలోనే సరిపోతుంది, కొలిచి చూశాను.