సత్తెమ్మకు వాసన తెలిసిన రోజు

నిన్న పొద్దున్నే మమత ఫోన్ చేసింది.

"అంకుల్, మా అమ్మమ్మ ఇగ లేదు" అంది.

పోయిన ఆదివారమే కదా నిజాంపేటలో వాళ్ళింటికి వెళ్ళాను! "పొట్ట పెంచినవ్ బిడ్డా" అని సత్తెమ్మ అందరి ముందూ నా పరువు తీసింది.

నిద్రలోనే పోయిందట.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి సత్తెమ్మ ఎవరో తెలియదు. సిగరెట్ ఎలా మానేశావని అడిగిన ప్రతివాళ్ళకీ ఇన్నాళ్ళూ "విల్ పవర్" అని ఫోజు కొట్టాను. అబద్ధం. నాకు అంత సీన్ లేదు. ఆవిడే మాన్పించింది.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అప్పటికి ఆఫీసుల కంటే బండరాళ్ళే ఎక్కువ. భీమవరం నుంచి వచ్చి, కూకట్‌పల్లిలో రూమ్ తీసుకుని, వైటూకే ప్రాజెక్టులో పాత కోడ్‌లో తేదీలు దిద్దే ఉద్యోగం నాది. గంటకోసారి సిగరెట్ పడకపోతే బుర్ర పనిచేయదని గట్టి నమ్మకం.

సత్తెమ్మ మా గేటు ఎదురుగా చాయ్ అమ్మేది. సిద్దిపేట వైపు పల్లెటూరు. చిన్నప్పుడు ఇంట్లో బీడీలు చుడుతూ చుడుతూ తాగడం కూడా నేర్చుకుందట. నేను "సత్తెమ్మ గారూ, ఒక టీ అండి" అంటే పడీపడీ నవ్వేది. ఆవిడ బీడీ, నా సిగరెట్ ఒకే అగ్గిపుల్లతో అంటించుకునేవాళ్ళం.

ఒకరోజు వెళ్తే స్టవ్ కూడా వెలిగించకుండా కూర్చుని ఉంది.

ఆవిడ కూతురు సుజాతకు ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ, ఊపిరి తీస్తే గురగురమని శబ్దం. పొగ తాగేవాళ్ళెవరూ దగ్గరికి రాకూడదని డాక్టర్ చెప్పాడు. సుజాత ఇంకో మాట లేకుండా తేల్చేసింది: "బీడీ మానితెనే పిల్లను ముట్టు. లేకుంటే తొట్టెల నాడు గూడ దూరంగనే కూసో."

తొట్టెల అంటే ఇరవై ఒకటో రోజున బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుక. అమ్మమ్మ చేత్తో వెయ్యాలి.

"నా మనవరాలిని నేను ఎత్తుకోవద్దంట సారూ" అని కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి నా వైపు తిరిగి, "నువ్వు గూడ బంద్ జెయ్యి. ఒక్కదాన్నంటే నాతోటి కాదు" అంది.

మొహమాటానికి సరేనన్నాను. నిజం చెప్తున్నా, మొహమాటానికే.

మొదటి వారం నరకం. ఆవిడ సోంపు నమిలేది, నేను పెన్ను మూత నమిలేవాడిని. ఇద్దరం అయినదానికీ కానిదానికీ కస్సుమనేవాళ్ళం.

తొమ్మిదో రోజు మా టీమ్ లీడ్ అందరి ముందూ నన్ను కడిగేశాడు. బండల వెనక్కి వెళ్ళి ఒకటి కాల్చేశాను. గుప్పెడు సోంపు నోట్లో పోసుకుని, ఏమీ ఎరగనట్టు టీ అడిగాను.

సత్తెమ్మ గ్లాసు ఇవ్వబోయి ఆగింది.

"తాగినవ్."

"లేదండీ."

"అబద్ధమాడకు. గుప్పున వాసనొస్తుంది."

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం తిట్టబోయి, నోరు తెరుచుకుని అలాగే నిలబడింది.

"సారూ... నాకు వాసనొస్తుంది!"

ఇలాచీ డబ్బా తీసి వాసన చూసింది. అల్లం చూసింది. పాలు చూసింది. చిన్నపిల్లలా నవ్వుతోంది. చివరికి తన చాయ్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం వికారంగా పెట్టింది.

"థూ! గిదేంది, గ్యాస్‌నూనె వాసన?"

విషయం ఏమిటంటే, స్టవ్‌లో కిరోసిన్ పోసిన చేత్తోనే రోజూ అల్లం దంచేది. పాపం, ఆవిడకు ఎన్నడూ తెలియలేదు. పొగరాయుళ్ళం మాకూ తెలియలేదు. మిగతావాళ్ళు మాదాపూర్ టీ అంటే ఇంతే కాబోలని సర్దుకుపోయారు.

"గిన్ని దినాలు ఎట్ల తాగిండ్రయ్యా! ఒక్కడన్న నోరిప్పలే!" అని గేటు దగ్గరున్న అందరినీ కలిపి తిట్టింది. మర్నాటి నుంచి సబ్బుతో చేతులు కడుక్కుని అల్లం దంచింది. ఆ టీ కోసం పక్క బిల్డింగ్ వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

నేను మళ్ళీ కాల్చలేదు. ఆవిడ ముక్కుకు భయపడి.

నాలుగో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కగలిగాను. నా దగ్గు లేకపోయేసరికి రూమ్‌మేట్లు హాయిగా నిద్రపోయారు. లంచ్ కాగానే బయటికి పరుగెత్తే పని లేక టేబుల్ దగ్గరే కూర్చుంటే, టెస్టింగ్ టీమ్ అమ్మాయి గోంగూర పచ్చడి వడ్డించింది. ఆవిడే మా ఆవిడ. ఇది రాస్తుంటే పక్కనుండి "గోంగూర కాదు, దోసావకాయ" అంటోంది.

తొట్టెల రోజు నన్నూ పిలిచారు. నిజాంపేటలో సుజాత వాళ్ళది ఒకే గది. సత్తెమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రావడానికి భయం.

సుజాత లేచి వెళ్ళి తల్లి చేతులు వాసన చూసింది. జుట్టు చూసింది. కొంగు చూసింది. పిల్లను తెచ్చి చేతుల్లో పెట్టింది.

సత్తెమ్మ పిల్ల మాడు మీద ముక్కు ఆనించింది. ఎంతసేపటికీ తల ఎత్తదే!

"పసిపిల్లల వాసన గిట్లుంటదా?" అంది. "ముగ్గురిని కన్న. ఒక్కరి వాసన గూడ నాకు తెల్వదు."

సుజాత తల్లి పక్కన కింద కూర్చుని తల ముందుకు వంచింది.

"నాది ఇప్పుడు చూడే అమ్మా."

సత్తెమ్మ చూసింది.

ఆ పిల్లే మమత. నిన్న ఫోన్ చేసిన అమ్మాయి.

సత్తెమ్మ గారూ, నేను తీసే ప్రతి ఊపిరికీ మీకు దండం. ఇక ఏ ఫికరూ లేకుండా హాయిగా పడుకోండి.