షటిల్ కోసం బస్టాపులో

మా ఆఫీసులో కొత్తగా చేరిన కొలంబియా అమ్మాయి లూసియా ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఆడుతూ నేర్చుకుంటే తొందరగా వస్తుంది, నేను నేర్పిస్తానని గొప్పలు పోయి, "కమ్ ఫర్ షటిల్ ఎట్ సిక్స్" అంటూ పారమట్టాలో మేం ఆడే హాలు అడ్రసు పంపాను.

ఆరు దాటినా మనిషి రాలేదు. ఫోన్ చేస్తే, "ఐ వెయిట్, బట్ షటిల్ నాట్ కమ్!" అంది. బయటికొచ్చి చూద్దును కదా, ఎదురుగా బస్టాపులో నిలబడి వచ్చిన ప్రతి బస్సునీ ఆపి "దిస్ షటిల్?" అని అడుగుతోంది!

రాకెట్ చూపించాను.

"ఓ, బ్యాడ్మింటన్! ఇన్ స్పానిష్, సేమ్ వర్డ్!" అంది.

తనకు ముందే తెలిసిన మాటను కూడా తెలియకుండా చేసిన గురువుని నేను.

ఇంతకీ మనలో షటిల్‌ని బ్యాడ్మింటన్ అనేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, లూసియాని మీ దగ్గరికి ట్యూషన్‌కి పంపిస్తాను.