మాస్తమ్మకు రెండో దారి

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కోమల కథల్లో మాత్రం పెత్తనమంతా వినేవాళ్లదే. ఫోన్‌లో ఆమె రాసే పాలెగాళ్ల కాలపు కథ ఒక చోటికి వచ్చి ఆగుతుంది. కింద రెండు బటన్లుంటాయి. కోట తలుపు తీయాలా, వద్దా? గుర్రమెక్కి పారిపోవాలా, గొర్రెల మందలో కలిసిపోవాలా? చదివేవాళ్లు ఏది నొక్కితే కథ ఆ దారిన పోతుంది. అంటే రాసే మనిషి రెండు దారులూ రాసి ఉంచాలి. ఒక్క దారి రాయడానికే జనం ఆపసోపాలు పడుతుంటే ఈవిడ రెండింతలు నెత్తికెత్తుకుంది.

రాసేది ఎక్కడంటారా, కుందారపల్లి నుంచి హోసూరు పోయే కంపెనీ బస్సులో. ఆ కంపెనీలో ఆమెది వైర్లు బిగించే పని. పక్క సీట్లలో ఆడవాళ్లు కునుకు తీస్తుంటే ఈమె బొటనవేలు ఫోన్ మీద ఆడుతూ ఉంటుంది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో తెలుగు చదివేదెవరని వెక్కిరించినవాళ్లున్నారు. "మాట్లాడే నోళ్లుండాయి కదా, చదివే కండ్లు లేకుండా పోతాయా" అనేది. చదవలేనివాళ్ల కోసం తానే చదివి గొంతు కూడా పెట్టింది. జవళగిరి మొదలు ఊత్తంగరై దాకా వినేవాళ్లు తయారయ్యారు. నోరు మూయించాలని చూసినకొద్దీ గొంతు పెంచే రకం కోమల.

తగువు మాస్తమ్మ దగ్గర పుట్టింది. మాస్తమ్మ కోమల మెట్టినింటివాళ్ల కులదేవత. ఊరి బయట రాగిచేను గట్టున నిలబెట్టిన రాయి. చెయ్యెత్తి నిలబడ్డ ఆడమనిషి, చేతినిండా గాజులు, గుప్పిట్లో నిమ్మకాయ. వెనకటి కాలంలో మందలు తోలుకుపోవడానికి వచ్చిన దొంగలతో కొట్లాడి మగడు చచ్చిపోతే, ఆమె నవ్వుతూ మంటల్లోకి నడిచిందని ఆ వంశంలో చెప్పుకుంటారు. ఈ కథనే కోమల తన కథలోకి తెచ్చుకుంది. మాస్తమ్మకు చెన్నక్క అని పేరు మార్చింది. పేరు మారిస్తే సరిపోతుందనుకుంది, పిచ్చిది. ఆ రాతిబొమ్మ ముక్కు ఒక పక్క పెచ్చు లేచిపోయి ఉంటుంది. కథలో చెన్నక్కకు కూడా చిన్నప్పుడు పొట్టేలు కుమ్మి ముక్కు వంకరపోయిందని రాసింది. ఆ ముక్కుతో వంశమంతా గుర్తుపట్టేసింది.

గుర్తుపట్టి మొదట మురిసిపోయారు కూడా. ఆ తర్వాతి భాగంలో చితి వచ్చింది. కింద రెండు బటన్లు. ఒకటి, మంటల్లోకి నడుస్తుంది. రెండోది, నడవదు.

ఆదివారం పొద్దున్నే మాస్తమ్మ పూజారి రామచంద్రప్ప కోమల ఇంటికి వచ్చాడు. ఆయన కోమల మగడు ముఖేశ్‌కు చిన్నాయన, వంశానికి పెద్ద.

"ఏమమ్మా, మాస్తమ్మ మంటల్లోకి పోకుంటే ఆమెకు పూజ యాడిది, మనకు పేరు యాడిది? ఆ రెండోది తీసేయి."

"తీయను మామా."

"ముఖేశప్పా, నువ్వన్నా చెప్పు."

టెంపో అద్దం తుడుస్తున్న ముఖేశ్ గుడ్డతో ఇంకాస్త గట్టిగా రుద్దాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అద్దం మాత్రం తళతళలాడింది.

"అయితే అమ్మనే పూవు అడుగుదాము. ఆమె చెప్పినట్టు వినకుంటే, ఈసారి పూజకు మీ ఇంటి దీపం రానీను" అన్నాడు రామచంద్రప్ప.

ఆ మాట తగిలింది కోమలకు కాదు, గడపలో కూర్చున్న అత్త మారక్కకు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా తంబిట్టు దీపం నెత్తిన పెట్టుకొని మాస్తమ్మ దగ్గరికి పోయేది ఆమే. వంశంలో ఆమెకున్న గౌరవమంతా ఆ పిండిదీపమే. కోమలకు గుండె కలుక్కుమంది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పూవు అడగడమంటే ఆ వైపు అందరికీ తెలిసిందే. రాతి భుజాల మీద తడిపూలు అంటించి ప్రశ్న అడుగుతారు. కుడి పూవు రాలితే ఔను, ఎడమది రాలితే కాదు. పెండ్లి సంబంధమైనా, బోరుబావి చోటైనా అలాగే తేలుస్తారు.

మాస్తమ్మ రాయి దగ్గర జనం చేరారు. రామచంద్రప్ప పూలు అంటించి కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, ఈ బిడ్డ రాసిన రెండో దారి..."

"ఆగండి మామా" అంది కోమల. "నా సంగతి తర్వాత. ముందు ఆమె సంగతి ఆమెను అడగండి. అమ్మా, ఆ పొద్దు నీకు మంటల్లోకి పోవాలని ఉండెనా అని. ఔనంటే ఇప్పుడే, ఈడనే, నా చేత్తో తీసేస్తాను."

రామచంద్రప్ప కళ్లు తెరిచాడు. "అది అడగరాదమ్మా."

"ఎందుకు?"

"ఎవరూ ఎప్పుడూ అడగలేదు."

"నేను రాసింది అదే మామా. బోరు యాడ వేయల్లో అడుగుతారు. మేకకు రోగమొస్తే అడుగుతారు. ఆమె ప్రాణం గురించి ఆమెనొక మాట అడగలేదు. నేను అడిగినాను. అంత నమ్మకముంటే అడగండి, రాలేది కుడి పూవే కదా."

గాలి లేదు. రెండు పూలూ భుజాలనంటుకొని ఉన్నాయి. ఇన్నేళ్లు మంత్రం తడబడని మనిషికి ఎడమ పూవును చూస్తే భయమేసింది. చివరికి రెండు పూలనూ తనే తీసి పళ్లెంలో వేశాడు.

"మీ ఇంటి దీపం రానక్కరలేదు పో" అన్నాడు.

గెలిచానన్న సంతోషం కోమలకు దక్కలేదు. చేను గట్టున అత్త వెనక నడుస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా మొండితనంతో నీ దీపం పోగొట్టినాను అత్తా."

"దీపానికేమి, ఇంట్లోనే పెడతాను. ఆమెకు దారి తెలీదా, వచ్చేదుంటే వస్తుంది" అంది మారక్క. కొంచెం దూరం పోయాక ఆగింది. "ఆ రెండోదాన్లో ఆమె యాడికి పోతుంది?"

"ఇంకా తేల్చుకోలేదు. నువ్వు చెప్పు."

ఆమెనెవరూ అలా అడిగి ఎరగరు. మారక్క వెనక్కి తిరిగి, చెయ్యెత్తి నిలబడ్డ ఆ రాయిని చాలాసేపు చూసింది.

"మందను తోలుకొని జవళగిరి అడివి పక్కకు పోనీ. ఆడ నీళ్లుండాయి" అంది. మళ్లీ నడక మొదలుపెట్టి, "ఆ ముక్కు మాత్రం మార్చొద్దు. బతికి పోయింది ఆమేనని అందరికీ తెలియల్ల" అంది.