పాత సొన, కొత్త స్టిక్కర్

2023 జూలై. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ కింద క్యాంటీన్. నేను అక్కడ క్వాలిటీ ఇన్‌ఛార్జిని. పేరు ఘనంగానే ఉంటుంది గానీ పనంతా ఫ్రిజ్ తలుపులు తీసి చూడటం, చెప్పిందే మళ్లీ చెప్పడం. నిజాంపేట నుంచి రెండు బస్సులు మారి ఏడింటికి చేరేసరికే సగం ఓపిక అయిపోయేది. నన్ను చూడగానే వంటవాళ్ల మొహాలు ముడుచుకునేవి. వాళ్ల తప్పేం లేదు, నా ఉద్యోగమే అలాంటిది.

టవర్‌లో ఉన్న అంతమందికి ఆమ్లెట్లంటే ఒక్కో గుడ్డు కొడుతూ కూర్చోలేరు. అందుకే లిక్విడ్ ఎగ్ వచ్చేది. పెంకు తీసి, సొన గిలక్కొట్టి, క్రిములు చచ్చేలా వేడిచేసి ప్యాకెట్లలో నింపిన సరుకు అది. నాలుగు డిగ్రీలు దాటని చల్లదనంలో ఉంచాలి. ప్యాకెట్ కత్తిరించి క్యానులో పోశాక మా దగ్గర మూడు రోజులే గడువు. కత్తిరించిన తేదీ రాసి క్యానుకు స్టిక్కర్ అంటించాలి.

ఆమ్లెట్ కౌంటర్ యాదగిరి గారిది. యాభై దాటిన మనిషి, అంతకుముందు ఏళ్ల తరబడి టిఫిన్ సెంటర్‌లో దోసెలు పోశారు. శుభ్రమైన మనిషి కాబట్టి ఆయన కౌంటర్ దగ్గర నేను పెద్దగా ఆగేదాన్ని కాదు.

ఆ ఉదయం ఎందుకో క్యాను మూత తీశాను. స్టిక్కర్ మీద ఆ రోజు తేదీయే ఉంది. లోపల అంచు చుట్టూ మాత్రం సొన పొర మీద పొరగా ఎండిపోయి ఉంది. ఒక్క పూటలో అలా కట్టదు.

"ఇది ఎప్పుడు కడిగారండీ?"

"ఖాళీ అయితే కదా మేడం కడిగేది. నిన్నటిది జర మిగిలింది, అండ్లనే కొత్త ప్యాకెట్ పోసిన. రోజూ గంతే."

"రోజూనా?"

"దోసెపిండి గట్లనే కలుపుతం కదా."

దోసెపిండికి పాతది కలిస్తే త్వరగా పులుస్తుంది, మనకు కావలసిందీ అదే. సొనలో పాతది కలిస్తే పాత క్రిములు కొత్తదానికీ పాకుతాయి. అడుగున ఉన్నది ఏ రోజుదో దేవుడికే తెలియాలి.

"మొత్తం పారబోయండి. ఈరోజు ఆమ్లెట్ లేదు."

"పరేషాన్ కాకుండ్రి మేడం. వాసన లేదు, రంగు మారలే, ముక్కలు కట్టలే. మీరు చెప్పినవన్నీ చూసిన."

నిజమే, అవన్నీ ట్రైనింగ్‌లో నేనే నేర్పాను. పుల్లటి వాసన, మారిన రంగు, విరిగిన సొన, ఉబ్బిన ప్యాకెట్ కనిపిస్తే పారేయమన్నాను. జబ్బు చేసే క్రిమి ఏ వాసనా లేకుండానే ఉండగలదన్న మాట మాత్రం చివరి స్లైడ్‌లో ఇంగ్లీషులో ఉండిపోయింది. అప్పటికి అందరూ గడియారం చూస్తున్నారు. నేనూ చూశాను.

ముందు రోజు దాకా ఆ ఆమ్లెట్లు తిన్నవాళ్లలో ఎవరు దవాఖానలో పడతారోనని వారం రోజులు ఫోన్ మోగితే చాలు, క్యాంటీన్ నుంచేనేమోనని ముందు నంబర్ చూసుకునేదాన్ని. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

రిపోర్టులో కారణం రాయాలి. 'వంటవారి నిర్లక్ష్యం' అని రాశాను. ఏ రోజూ మూత తీయకుండా, స్టిక్కర్ మాత్రం చూసి తనిఖీ షీట్ మీద సంతకం పెట్టింది నేనేనని రాయలేదు. భయపడ్డాను. ఆయన్ని పనిలోంచి తీసేశారు.

వెళ్లే ముందు ఏప్రన్ మడిచి ఇస్తూ యాదగిరి గారు అడిగారు. "మేడం, వాసన లేకుంటే మంచిదే అని మీరు చెప్పలేదా?"

"చెప్పలేదండీ" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అది తప్పని కూడా నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన తలూపి వెళ్లిపోయారు.

ఇప్పుడు వేరే క్యాంటీన్‌లో ఉన్నాను. కొత్తవాళ్లు రాగానే మొదట తెలుగులోనే చెబుతాను: వాసన వస్తే పారేయండి, రాకపోయినా తేదీ దాటితే పారేయండి, పాతదాన్ని కొత్తదాంట్లో ఎప్పుడూ కలపకండి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ రెండు నిమిషాలు యాదగిరి గారికి ఇవ్వలేదు నేను.