ఊదిన పిన్ను

నంద్యాల చర్చిలో నాకు డిజిటల్ పియానో కనెక్షన్లు నేర్పిన సౌండు అన్న, ఏ వైరు గుచ్చేముందైనా దాని పిన్నును నోటితో ఊదేవాడు. "దుమ్ముంటే పాట చెడతాదప్పా" అనేవాడు. ఆ ఊదడం చూసే నేను ఆయన్ను నమ్మాను.

ఏటా ఆళ్లగడ్డలో జరిగే చర్చి సభల్లో పియానో వాయించడానికి మూడేళ్లు ఆయన వెంటే వెళ్లాను. ప్రతిసారీ నా ఎదుటే పిన్ను ఊది పియానోకు గుచ్చి, "నీ వాయింపు నీకు బాగా వినపడాల" అంటూ నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టేవాడు. సభ అయ్యాక జనం నా చేతులు పట్టుకుని మెచ్చుకునేవారు.

మూడో ఏడు సామాన్లు సర్దుతూ నేనే ఆ వైరు చుట్టబోయాను. అది స్పీకర్ల మిక్సర్ దాకా పోనే లేదు. వేదిక మీది కార్పెట్ కిందే ఆగిపోయింది. మిక్సర్‌కు గుచ్చి ఉన్నది ఆయన లాప్‌టాప్ వైరు. జనం విన్న పియానో అందులోని రికార్డు.

"ఏందన్నా ఇదీ? మూడేండ్లూ ఇంతేనా?"

"యాడన్నా తప్పు పోతే అందరికీ వినపడతాది కదప్పా" అన్నాడు, తలెత్తకుండా.

మూడేళ్లు నేను వాయించింది నేను తప్ప ఎవరూ వినలేదు. కార్పెట్ కింది ఆ రెండో కొసకు మాత్రం, దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది.